సేకర్త: యజమానా, ధర్మకర్తా?

ఢిల్లీ నగరంలో ధౌలా కువాన్ పేరు వినగానే నేటి ప్రయాణికునికి స్ఫురించేవి వాహనాల రద్దీ, వంతెనల మలుపులు, విమానాశ్రయం వైపు సాగే రహదారి. పేరులోని అర్థం మాత్రం చాలా నిరాడంబరమైనది. ధవళ శబ్దం నుంచి ధౌలా, కూప శబ్దం నుంచి కువాన్, అంటే తెల్లబావి. బావి అవసరం తీరి చాలాకాలమైనా పేరు నిలిచింది. ఈ కూడలి తెలుగువారికి పరాయి స్థలమేమీ కాదు. తిరుమల తిరుపతి దేవస్థానాల ఆధ్వర్యంలో 1961లో నెలకొన్న శ్రీ వేంకటేశ్వర కళాశాల ఇక్కడే ఉంది. దానికి చేరువలోని మెట్రో స్టేషను 2018లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరుతో ప్రారంభమైంది. అక్కడికి కొద్ది మైళ్ళ దూరంలో, జనపథ్‌లోని జాతీయ మ్యూజియంలో, 2019లో హైదరాబాదు నిజాముల నగలను ప్రజల సందర్శనార్థం ఉంచారు.

నిత్యం ఆభరణాలతో దర్శనమిచ్చే దేవుని పేరు ఒకటి. దేశం కోసం చేతి గాజులు తీసి ఇచ్చిన స్త్రీ పేరు ఒకటి. తరతరాలుగా నగలు కూడబెట్టిన ప్రభువంశం పేరు మరొకటి. ఈ మూడు పేర్లూ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతాయి. అందమైన వస్తువు ఎవరిది? చేసినవానిదా, కొన్నవానిదా, ఆ కొనుగోలుకు శిస్తు కట్టినవానిదా, చూచి ఆనందించేవానిదా?

ప్రశ్నను గాలిలో ఉంచకుండా ఒక వస్తువు మీద నిలపాలంటే మీనా పనిని మించినది దొరకడం కష్టం. పాశ్చాత్యులు ఎనామెల్ అనేదానినే మన స్వర్ణకారులు మీనా అన్నారు. గాజును మెత్తగా నూరి, లోహపు భస్మాలతో రంగు కట్టి, చెక్కిన బంగారు రేకు గుంటలలో నింపి కొలిమిలో పెడతారు. కోబాల్టు నీలాన్ని, రాగి ఆకుపచ్చను, తగరం తెలుపును ఇస్తాయి. ఒక్కొక్క రంగు ఒక్కొక్క వేడిని ఓర్చుకుంటుంది. ఎక్కువ వేడిని తట్టుకునే రంగును ముందుగా కాల్చాలి. సుకుమారమైన ఎరుపు వంతు చివర వస్తుంది. ఆ చివరి కాల్పులో పొరపాటు జరిగితే అంతకు ముందు పడిన శ్రమ అంతా వ్యర్థం. ఈ విద్యను లాహోరు నుంచి కళాకారులను రప్పించి అంబరు రాజ్యంలో నెలకొల్పిన ఖ్యాతి పదహారవ శతాబ్దపు రాజా మాన్‌సింగ్‌కు దక్కింది. నేటికీ జయపూరు పేరే దానికి ప్రసిద్ధి.

కుందన్ నగల విషయంలో మరొక విశేషం ఉంది. రాళ్ళు పొదిగినది ముందు వైపు. మీనా పని అంతా వెనుక వైపు. లోకం చూచేది వజ్రాన్ని, పచ్చను. పువ్వులు, పక్షులు, లతలు మాత్రం ధరించినవారి మేనికి ఆని ఉంటాయి. నగ తొడిగే చెలికత్తెకు, విప్పి పెట్టెలో దాచే చేతికి తప్ప మరెవరికీ కనిపించవు. ఎవరూ చూడని వైపున అంత శ్రద్ధ ఎందుకని అడిగితే లెక్కల పద్దులో జవాబు దొరకదు.

యూరపులోనూ ఈ విద్య ఆంతరంగికమైన వస్తువులనే ఆశ్రయించింది. జెనీవాలో పుట్టిన జాఁ పెతితో పదిహేడవ శతాబ్దంలో ఇంగ్లాండు రాజు ఒకటవ చార్లెస్‌కు, ఆ తరువాత ఫ్రాన్సు రాజు పద్నాలుగవ లూయీకి ఎనామెల్ మీద అరచేతిలో ఇమిడే రూపచిత్రాలు రచించాడు. నీటిరంగుల చిత్రం వెలుతురుకు వెలిసిపోతుంది. కొలిమిలో కాలిన ఈ ముఖం వెలవదు. భర్త దూరదేశం వెళ్ళినప్పుడు భార్య లాకెట్టులో దాచుకునే ముఖమది. జేబు గడియారం సంగతీ అంతే. దాని మూత వెనుక చిత్రించిన తోటను చూచే హక్కు దాన్ని జేబులో పెట్టుకున్నవానిదే. పందొమ్మిదవ శతాబ్దంలో ఢిల్లీ చిత్రకారులు దంతపు బిళ్ళల మీద మొగలు పాదుషాల, బేగముల ముఖాలు చిత్రించి విదేశీ యాత్రికులకు అమ్మిన నాటికి పరిస్థితి కొంత మారింది. కొన్నవారికి ఆ ముఖాలతో ఏ అనుబంధమూ లేదు. చనిపోయిన సామ్రాజ్యం బ్రోచిగా మారి పరాయివారి మెడ కిందికి చేరింది.

సేకర్త స్థితిలోని వైచిత్రి ఇక్కడే బయటపడుతుంది. ఒక్కరి చేతికోసం, ఒక్కరి మేనికోసం చేసిన వస్తువును, ఆ ఒక్కరూ పోయిన తరువాత, మరొకరు కొంటారు. కొన్నవారు దాన్ని ధరించరు, వాడరు. పరుల ప్రేమకు యజమాని కావడం సాధ్యమా? పారిస్‌లో బ్రెగే అనే గడియారాల నిపుణునికి 1783లో రాణి మేరీ ఆంత్వానెత్ కోసం ఒక గడియారం చేయమని ఉత్తర్వు అందింది. రాణి 1793లో శిరచ్ఛేదానికి గురైంది. బ్రెగే 1823లో మరణించాడు. గడియారం పూర్తయినది 1827లో. ఎవరికోసం మొదలైందో వారు చూడలేదు. మొదలుపెట్టినవాడు ముగింపు చూడలేదు. చేతులు మారి చివరకు అది జెరూసలేంలోని ఒక మ్యూజియానికి చేరితే, 1983లో మరి నూటఅయిదు గడియారాలతో కలిసి దొంగతనానికి గురైంది. ఇరవై మూడేళ్ళు గడిచాక గాని ఆచూకీ తెలియలేదు. అన్నేళ్ళూ అది దొంగ దగ్గర ఉన్నదే గాని, దొంగకు చెందలేదు. దగ్గర ఉండడం వేరు, చెందడం వేరు.

హైదరాబాదులో జరిగిన ఉదంతం ఇంకా ఆలోచింపజేస్తుంది. పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో ఏడవ నిజాం రజతోత్సవ కానుకలు ఉన్నాయి. 2018 సెప్టెంబరులో అక్కడినుంచి బంగారు టిఫిను డబ్బా, కెంపులు పొదిగిన కప్పు, సాసరు, చెంచా దొంగిలించారు. కొద్ది రోజులలోనే అవి దొరికాయి. దొంగలలో ఒకడు ఆ డబ్బాలోనే భోజనం చేశాడని పోలీసులు వెల్లడించారు. ఆ వార్త చదివి చాలామంది నవ్వుకున్నారు. కాని కాస్త నిలిచి చూస్తే, డబ్బా పుట్టుకకు కారణమైన పనిని దానిచేత చేయించినవాడు అతడే. ఇది అతని నేరాన్ని ఏ మాత్రం తగ్గించదు. అయితే వాడకమే వస్తువు మీద హక్కునిస్తుందనే వాదం ఎంత బలహీనమైనదో మాత్రం తెలుపుతుంది. కొన్న హక్కు చాలదు, వాడిన హక్కూ చాలదు. మరేది చాలు?

మూడవ సాలార్ జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ జీవితం ఈ ప్రశ్నకు నిదర్శనం వంటిది. 1889లో జన్మించి, 1912లో నిజాం రాజ్యానికి దివాను అయి, 1914లో ఆ పదవి విడిచి, 1949లో మరణించేవరకు ఆయన జీవితమంతా సేకరణే. గడియారాలే చూడండి: పక్షిపంజరం ఆకారంలోనివి, లోపలి యంత్రమంతా బయటికి కనిపించేవి, నిలువెత్తువి, భూతద్దంతో తప్ప చూడలేనంత చిన్నవి. ఫ్రాన్సు, ఇంగ్లాండు, స్విట్జర్లాండు, జర్మనీ, హాలెండు దేశాలనుంచి వచ్చాయి. ఆయన వివాహం చేసుకోలేదు, సంతానం లేదు.

మన పూర్వులు సప్తసంతానాలని ఒక మాట అన్నారు. కుమారుడు, చెరువు, దేవాలయం, వనం, అగ్రహారం, కావ్యం, నిధి నిక్షేపం. ఈ ఏడింటిలో చివరిది ఆధునికునికి వింతగా తోస్తుంది. చెరువు తవ్విస్తే ఊరు తాగుతుంది. తోట వేస్తే బాటసారి నీడన కూర్చుంటాడు. ధనాన్ని భూమిలో పాతిపెడితే ఎవరికి మేలు? దాచినవాడు తనకోసం దాచుకుంటే అది లోభం. పేరు తెలియని భావితరంవాడు దాన్ని కనుగొంటాడని తలచి దాస్తే సంతానం. పాతే చేయి అదే, గొయ్యి అదే. ఎవరికోసం అన్న తలపులోనే తేడా.

సాలార్ జంగ్ మనసులో ఏ తలపు ఉన్నదో నిర్ణయించడం చరిత్రకారుని పని కాదు. జరిగినది మాత్రం తెలుసు. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో ఆ సేకరణను ప్రధాని నెహ్రూ ప్రజలకు తెరిచారు. 1961లో పార్లమెంటు చట్టం దాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో అది మూసీ ఒడ్డున కొత్త భవనంలోకి మారింది. ఒక మనిషి అభిరుచి చెరువుగా మారిందని అనవచ్చు.

అంత తేలికగా అనేయడమూ సరికాదు. ఆంగ్లంలో వస్తువులు పోగుచేసేవాణ్ణి కలెక్టరు అంటారు. మన పల్లెల్లో కలెక్టరంటే శిస్తు వసూలు చేయించే అధికారి. భాష ఈ రెండు అర్థాలనూ ఒకే మాటలో ఉంచడం యాదృచ్ఛికమే కావచ్చు. జాగీరుల కాలంలో మాత్రం అవి నిజంగానే ఒకే మనిషిలో కలిసి ఉండేవి. గ్రామాలనుంచి వచ్చిన ఆదాయమే పారిస్ నుంచి గడియారం తెచ్చింది. సాలార్ జంగ్ మరణించిన 1949లోనే హైదరాబాదు రాజ్యంలో జాగీర్దారీ రద్దయింది. ఆనాటికి తెలంగాణ రైతు పోరాటం ఇంకా చల్లారలేదు. మ్యూజియం గాజు బీరువా పక్కన అతికించిన చిన్న చీటీలో దేశం, కాలం, లోహం ఉంటాయి. ఏ పంట మీది శిస్తు అన్న వివరం ఉండదు. ప్రజల సొత్తు ప్రజలకు చేరిందనే మాట నిజమే అయినా, అది పాత బాకీకి చెల్లుచీటీ కాదు.

నిజాం నగల కథ మరొక దారిన నడిచింది. ఏడవ నిజాం 1951, 1952లలో ట్రస్టులు ఏర్పరచి నగలను వాటికి అప్పగించాడు. సుదీర్ఘ వ్యాజ్యాల అనంతరం 1995లో భారత ప్రభుత్వం 173 నగలను సుమారు 218 కోట్ల రూపాయలకు కొన్నది. సర్పేచీలు, బాజూబందులు, ముత్యాల సత్లడా, మీనా పనితనపు గొలుసులు, గడియారపు గొలుసులు, 184.75 కారట్ల జాకబ్ వజ్రం విదేశీ వేలంశాలల పాలు కాకుండా దేశంలోనే నిలిచాయి. ఇది నిస్సందేహంగా మేలు. అయితే ఆ తరువాత ఎక్కువ కాలం అవి ముంబయిలోని బ్యాంకు ఖజానాలలోనే గడిపాయి. 2001లో ఢిల్లీలో చూపారు, హైదరాబాదులోనూ చూపారు. 2019లో మళ్ళీ ఢిల్లీలో. భద్రతకు అయ్యే ఖర్చు, బాధ్యత సామాన్యమైనవి కావు. ఖజానా అధికారిని తప్పుపట్టడం సులభం. ఆ కుర్చీలో కూర్చున్నవానికే కష్టం తెలుస్తుంది. కాని ప్రజాధనంతో కొన్న వస్తువును ప్రజలు పదేళ్ళకో, పదిహేనేళ్ళకో ఒకసారి చూడగలిగితే, పాత లోభికి కొత్త లోభి తోడైనట్టే కదా అనే ప్రశ్నకు భద్రత ఒక్కటే పూర్తి జవాబు కాజాలదు.

ఈ చిక్కుకు మన సంప్రదాయంలో ఒక నమూనా ఉంది. శ్రీకృష్ణదేవరాయలు 1513 మొదలుకొని పలుమార్లు తిరుమలను దర్శించి నగలు సమర్పించినట్లు శాసనాలు చెబుతున్నాయి. సమర్పించిన క్షణంలోనే రాయల హక్కు తీరిపోయింది. నగ దేవునిది. చట్టమూ దేవతను ఆస్తిగల వ్యక్తిగానే గుర్తించింది. అర్చకుడు తొడుగుతాడు, అధికారి లెక్క రాస్తాడు, భక్తుడు చూస్తాడు. ముగ్గురిలో ఎవరూ యజమాని కారు. నగ పెట్టెలో నిద్రపోదు, ఉత్సవానికి బయటికి వస్తుంది. దీన్ని చూచుకునేవానికి తెలుగులో ధర్మకర్త అని పేరు. యజమానికి హక్కులు ఎక్కువ, లెక్కలు తక్కువ. ధర్మకర్తకు హక్కు లేదు, ప్రతి పైసకూ లెక్క ఉంది. సేకర్తను యజమానిగా కాక ధర్మకర్తగా చూచినప్పుడే పరుల లాకెట్టును దాచుకోవడంలోని ఇబ్బంది తీరుతుంది.

దీనికి గట్టి ఆక్షేపణ ఒకటి ఉంది. అది ధౌలా కువాన్ స్టేషను పేరులోనే ఉంది. 1921లో గాంధీజీ కాకినాడ వచ్చినప్పుడు దుర్గాబాయికి పన్నెండేళ్ళు. దేవదాసీ స్త్రీలతో ఆయనను సమావేశపరచాలని పట్టుబట్టి నిధి పోగుచేసింది; ఆ స్త్రీలు తమ నగలు ఒలిచి ఇచ్చారు. ఆమె తన బంగారు గాజులూ ఇచ్చింది. ఆ గాజులు నేడు ఏ మ్యూజియంలోనూ లేవు. నగ విలువ దాన్ని దాచడంలో కాక ఇచ్చివేయడంలోనే ఉన్నదనేవారికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కరలేదు. ఆ వాదాన్ని కొట్టివేయడానికి వీలులేదు. అయితే గాజులు ఇవ్వవలసినది వాటిని తొడుక్కున్నవారు. ధర్మకర్తకు ఆ స్వేచ్ఛ లేదు. తనది కానిదాన్ని త్యాగం చేయడం ఎవరి వశమూ కాదు.

కోటీశ్వరుల మాట అటుంచితే, తాతగారి జేబు గడియారం ఒక్కటే ఉన్న ఇంట్లోనూ ఈ ధర్మమే వర్తిస్తుంది. నూరేళ్ళు దాటిన కళావస్తువు 1972 నాటి పురావస్తు చట్టం పరిధిలోకి వస్తుంది. దేశం దాటించే హక్కు వ్యక్తులకు లేదు. దంతం మీది చిత్రాన్ని అమ్మడానికి వన్యప్రాణి చట్టం ఒప్పదు. పగిలిన ఎనామెల్ డయలును మళ్ళీ కొలిమిలో పెట్టడం అపాయం కనుక మరమ్మతుదారులు చల్లని రంగుపూతతో పూడుస్తారు. అందులో తప్పు లేదు; పూడ్చిన సంగతి తరువాతివానికి చెప్పకపోవడం తప్పు. కీ ఇస్తే చక్రాలు అరుగుతాయి, ఇవ్వకపోతే లోపలి నూనె గడ్డకడుతుంది. కొన్నేళ్ళకోసారి విప్పి, శుభ్రపరచి, కొత్త నూనె వేయించాలి. అందుకు అయ్యే ఖర్చు కొన్నిసార్లు గడియారం వెలను మించిపోతుంది.

సాలార్ జంగ్ మ్యూజియంలో, పందొమ్మిదవ శతాబ్దంలో కలకత్తాకు చెందిన కుక్ అండ్ కెల్వీ సంస్థ కూర్చిన సంగీత గడియారానికి నేటికీ ఆ సేవ జరుగుతోంది. కమ్మరి బొమ్మ సుత్తితో క్షణాలు కొడుతుంది. గంట కావస్తుండగా గడ్డం ఉన్న చిన్న మనిషి తలుపు తీసుకుని వచ్చి గంట కొట్టి లోపలికి పోతాడు. పన్నెండు గంటల వేళ జనం ఎక్కువ, దెబ్బలు ఎక్కువ కనుక. పల్లెలనుంచి వచ్చిన కుటుంబాలు ముందుగానే చేరి, పిల్లలను ముందుకు తోసి, తలుపు వైపు చూస్తూ నిలుచుంటాయి.