శ్రవణమునకు తగిన సాధనము

చెవులు మందగించిన పెద్దలకు వినికిడి యంత్రము కొందమని బిడ్డలు తలపెట్టినప్పుడు, "ఈ వయసులో నాకెందుకు నాయనా, కృష్ణా రామా యనుకొనుచు కూర్చుండెదను" అని వారు వారించుట మన యిండ్లలో తఱచు జరుగునదే. ఆ మాటలో ఖర్చునకు జంకును, బిడ్డలపై కనికరమును ఉండవచ్చును గాని, దానిని వైరాగ్యమని మన్నించుటకు నా మనస్సొప్పదు. పొందగలిగియుండియు విడిచిపెట్టుట వైరాగ్యము. వినికిడి మనము విడువకయే మనలను విడిచిపోయిన శక్తి. ఇంద్రియనిగ్రహమునకైనను నిగ్రహింపదగిన ఇంద్రియము ఉండవలెను గదా! భాగవతమున ప్రహ్లాదుడు తండ్రికి విన్నవించిన నవవిధభక్తులలో మొదటిది శ్రవణము. బృహదారణ్యకమున యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి చేసిన ఉపదేశమునందును మననమునకు ముందు నిలిచినది శ్రవణమే. పురాణకాలక్షేపమునకు పోయి, పౌరాణికుని పెదవుల కదలిక మాత్రమే చూచి తిరిగివచ్చు వృద్ధురాలికి ఈ లోటు ఎంతటిదో ఒకరు చెప్పనక్కఱలేదు.

ఇక ఎట్టిది కొనవలెను? వయసుతో వచ్చు చెవుడున సాధారణముగ ముందు సన్నగిల్లునది కీచు ధ్వనులను గ్రహించు శక్తి. అందుచేత అచ్చులు వినబడుచునే యుండగా స, శ, త వంటి హల్లులు జారిపోవును. "శబ్దము వినబడుచున్నది గాని మాట తెలియుట లేదు" అని పెద్దలు మొఱపెట్టుకొనుట అందువలననే. అన్ని ధ్వనులను ఒక్క తీరున హెచ్చించు చవుక పరికరము వారికి హోరునే పెంచును. కావున ముందు చెవి వైద్యునికి చూపి, గులిమి మొదలగు కారణములు లేవని తెలిసికొని, వినికిడి పరీక్ష చేయించి, ఏ స్థాయి ధ్వనియందు ఎంత లోపమున్నదో దానికి సరిపడ అమర్చగల సామాన్యమైన డిజిటల్ యంత్రమును ఎన్నుకొన్నచో చాలును. ఫోనుతో కలియు సదుపాయము లేకున్నను ఇంటివారి మాట చెవిని పడును. వ్రేళ్లు వణకువారికి చెవివెనుక నిలుచు చిన్నదానికంటె జేబులో నుంచుకొను పెద్దదే అనుకూలము కావచ్చును. అవసరమును మించి కోరకుండుటయే అపరిగ్రహమైనచో, ఇచ్చట ఆ అవసరమునకు కొలత పరీక్షాపత్రము. దుకాణమువాని పొగడ్తయు గాదు, మన పిసినితనమును గాదు.

60 ఏండ్లు నిండిన పేదలకు ఇట్టి యంత్రములను ఉచితముగ నొసగు రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017లో మన నెల్లూరునందే ఆరంభమైనది. దానిని స్వీకరించుటకు అభిమానపడనేల? తాత వినడని మనుమడు కబుర్లు చెప్పుట మానివేసిన యింట నష్టపోవునది తాత యొక్కడే కాడు. వినికిడియందు పలుకువానికిని పాలున్నది.

యంత్రము ధరించిన మొదటి వారములలో గిన్నెల చప్పుడును ఫ్యాను రొదయు పెద్దలను బాధించును. అప్పుడు యంత్రమును పెట్టెలో దాచనీయక, దినదినము కొంత సేపు హెచ్చించి ధరింపజేయుచు, ఇంటివారు ఎదురుగ కూర్చుండి, కేకలు వేయక, తాపీగ మాటలాడవలెను.