పంక్తిలో కడపటి విస్తరి

చందానగరములో మన బంధువుల గృహమొకదానియందు ఇటీవల ఇష్టలింగపూజ ముగిసి ప్రసాదము స్వీకరించుచుండగా, సైబరాబాదులోని ఒక సంస్థయందు పనిచేయు యువకుడు తన మనోవ్యథను నాతో చెప్పుకొనెను. వారి కార్యాలయములో దసరా ఉత్సవము ఘనముగా జరిగినదట. తెల్లవారకముందే వచ్చి నేల కడిగి, ముగ్గు తీర్చి, మామిడి తోరణములు కట్టిన స్త్రీ ఒకతె కలదు. ఆమె గుత్తేదారు క్రింద పనిచేయునది. మధ్యాహ్నము అందరును పంక్తిలో కూర్చుండినప్పుడు ఆమెకు విస్తరి వేయలేదు. సాయంకాలము మిగిలిన పులిహోరను పొట్లము కట్టి ఆమె చేతికిచ్చిరి. ఆమె దానిని పుచ్చుకొని, ఎంగిలి విస్తళ్లను ఎత్తివేయుటకు మరల లోనికి వెళ్లినది.

“అయ్యా! ఆ పంక్తిలో కూర్చుండి తిన్నవారిలో నేనొకడను. నేనేమి చేయవలసి యుండెను?” అని ఆ యువకుడు అడిగెను.

ఈ ప్రశ్న అతనిది మాత్రమే కాదు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనది మొదలు మన బిడ్డలనేకులు ఆ అద్దాల మేడలలో జీవిక సంపాదించుచున్నారు. చందానగరు మీదుగా పోవు ముంబాయి రహదారిని పట్టి పడమరకు సాగినచో జహీరాబాదు దాటి, బసవన్న నడయాడిన కల్యాణనగర సమీపమునకు చేరుదుము. అనగా మన బిడ్డ నిత్యము ఉద్యోగమునకు పోవు బాట, అనుభవమంటపమునకు పోవు బాట ఒక్కటే. రెండు దిక్కులలో ఏ దిక్కునకు మన మనస్సు నడచుచున్నదన్నదే విచారించవలసినది.

కల్యాణమున బసవన్న బిజ్జలుని భాండాగారమును నిర్వహించిన మంత్రి. నేటి మాటలో చెప్పినచో గొప్ప కార్యాలయమున గొప్ప అధికారి. అట్టివాడు అనుభవమంటపములో ఎవరి సరసన కూర్చుండెను? పడవ నడుపు అంబిగర చౌడయ్య, బట్టలుదుకు మడివాళ మాచయ్య, త్రాళ్లు పేను నులియ చందయ్య, చెప్పులు కుట్టు హరళయ్య ఆయనకు సహచరులు. ఎవరి కాయకము వారిది, అందరి ఆసనము ఒక్కటి. హరళయ్య కుమారునికి మధువరసుని కుమార్తెనిచ్చిన వివాహము కారణముగా ఆ తండ్రులిరువురును ప్రాణములు కోల్పోయిరని మన సంప్రదాయము చెప్పుచున్నది. ఒకే పంక్తిలో కూర్చుండుట కొరకు శరణులు చెల్లించిన మూల్యమట్టిది. మనము ఒక విస్తరి అదనముగా వేయుటకు వెనుదీయుచున్నాము!

“ఆమె మా ఉద్యోగిని కాదు, గుత్తేదారు మనిషి” అని సంస్థవారు చెప్పుదురు. జీతపు పుస్తకమునకు ఈ భేదము అవసరము కావచ్చును. కాయకమునకు ఈ భేదము లేదు. ఆమె కడిగిన నేలమీదనే పీట వేసిరి, ఆమె కట్టిన తోరణము క్రిందనే హారతి ఇచ్చిరి. ఆమె పని పండుగలోనిదై, ఆమె మాత్రము పండుగకు వెలుపలిది ఎట్లగును?

మిగిలినది ఇచ్చితిమి గదా అందురేమో! దానము వేరు, దాసోహము వేరు. దానమున ఇచ్చువాని చేయి పైన నుండును. దాసోహమున ఇచ్చువాడు తానే దాసుడు, పుచ్చుకొనువాడు జంగమస్వరూపుడు. అందరును తినగా మిగిలినది ఇచ్చుట దాసోహమనిపించుకొనదు. అయిదక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించిన బియ్యము ఏరుకొని రాగా, ఆయన ధర్మపత్ని లక్కమ్మ దానిని తిరిగి పోసి రమ్మని పంపినది. పేదరాలికి కూడ ఆత్మగౌరవముండునని, అది బియ్యముకన్న విలువైనదని ఆ తల్లి మనకు నేర్పినది.

శరణబంధువులారా! మన మతమున పంచసూతకముల నిరాకరణ కలదు. జననము, మరణము, రజస్సు, ఉచ్ఛిష్టము, జాతి అను ఈ ఐదింటివలన లింగధారికి మైల లేదని మన ఆచార్యులు బోధించిరి. వీధిలో పోయిన సూతకము కార్యాలయపు పండుగలో దొంగదారిన చొరబడుచున్నదేమో చూచుకొనవలెను. 2014లో రాష్ట్ర పండుగగా ప్రకటితమైన బతుకమ్మను నేడు అనేక సంస్థలలో స్త్రీలు ఆడుచున్నారు. కుంకుమ పంచు పళ్లెము భర్తను కోల్పోయిన సోదరి యెదుటకు వచ్చి, ఒక క్షణమాగి, ప్రక్కకు తొలగిపోవును. ఎవరును మాటాడరు. ఆమె సంగణకము వైపు ముఖము త్రిప్పుకొనును. ఆ క్షణమున ఆమెకు జరిగిన అవమానమును మరునాటి మిఠాయి తుడిచివేయగలదా?

మరి ఆ పండుగ మొదటి దినమునకే ఎంగిలిపూల బతుకమ్మ అని పేరు. తంగేడు, గునుగు పూచెడి గట్టునకు జాతిభేదము లేదు. మన తెలుగున పాల్కురికి సోమనాథుడు రచించిన బసవపురాణమున కన్నప్ప కథ కలదు. నోట రుచి చూచి తెచ్చిన ఆ వేటగాని నైవేద్యమును శివుడు త్రోసిపుచ్చలేదు. పూలకు లేని మైల, శివునికి లేని మైల, మనకెక్కడనుండి వచ్చినది?

ఇక రెండవ సంగతి. కొందరిని వెలుపల నుంచుట ఎంత దోషమో, ఇష్టము లేనివారిని బలవంతముగా లోపలికీడ్చుట కూడ అంతటి దోషమే. ఇది మనకు తెలిసినంతగా ఇతరులకు తెలియదు. ఏకదేవనిష్ఠ గల లింగధారి వేరొక విగ్రహమునకు హారతి పట్టుటకు సంకోచించినచో, “ఇతడు మనలో కలియడు” అని నవ్వినవారు లేకపోలేదు. ఆ బాధ నెరిగిన మనము, ముస్లిము సహోద్యోగి పూజలో నిలువకున్నచో, క్రైస్తవ సోదరి ప్రసాదము పుచ్చుకొనకున్నచో, ఏ దేవుని నమ్మని మిత్రుడు తన బల్లవద్దనే యున్నచో, వారిని తప్పు పట్టవచ్చునా? నిష్ఠ నాకు, దాసోహము అందరికి. నా నిష్ఠను ఇతరుల మెడకు కట్టుట నిష్ఠ కాదు, అధికారము.

కావున ఉత్సవ నిర్వహణ మన చేతికి వచ్చినప్పుడు కొన్ని నియమములు పాటింతము. చందా ఇచ్చినవారి పట్టికను గోడకు అంటింపరాదు. ఇయ్యలేనివాడు దానిని చూచి తల వంచుకొనును. విస్తళ్లు లెక్కించునపుడు కావలివారిని, వాహనచోదకులను, వంటశాలవారిని, రాత్రి విధులవారిని ముందుగా లెక్కింపవలెను. పుష్పము, పసుపుకుంకుమలు కోరిన ప్రతి స్త్రీకిని ఇయ్యవలెను. ఆమె గృహస్థితి నడుగరాదు. రానివారిని కారణమడుగరాదు. మనము శాకాహారులమైనను, ప్రక్కవాని భోజనపాత్రను చూచి ముఖము చిట్లింపరాదు. రంజాను మాసమున ఉపవాసము విరమించు మిత్రునికి ఆ సాయంసమయమున పని మనము చేసిపెట్టవలెను. అతడు దసరానాడు మన పని చేయును. 1974లోనే ఆంధ్రప్రదేశ్ శాసనసభ పారిశ్రామిక సంస్థలలో జాతీయదినములకును పండుగలకును సెలవులు కల్పించుచు చట్టము చేసినది. పండుగనాటి విశ్రాంతి యజమాని దయ కాదు, శ్రామికుని హక్కు అని ఆనాడే గుర్తింపబడినది. చట్టము సెలవు నియ్యగలదు, సమానాసనమును మాత్రము మనమే ఇయ్యవలెను.

ఇంతవరకు కార్యాలయములను గూర్చి చెప్పితిని. మన ఇంటి సంగతి యేమి? మన మఠములలో, మన కల్యాణమంటపములలో ఎంగిలి విస్తళ్లెత్తువారు ఎప్పుడు తినుచున్నారు? ఎక్కడ కూర్చుండి తినుచున్నారు? ఈ ప్రశ్నకు తల వంచుకొనవలసివచ్చిన రోజున, సంస్థల నిందించు అర్హత మనకుండదు. నేను కూడ ఎన్నో పంక్తులలో మొదటి విస్తరియందు కూర్చుండినవాడనే. వెనుక ఎవరు మిగిలిరో వెదకి చూడని దినములు నాకు కూడ కలవు. ఈ మాట ఒప్పుకొనక ఇతరులకు బోధించుట ఉచితము కాదు.

ఆ యువకునికి నేను చెప్పిన సమాధానమిది. “నాయనా! గొంతు దిగని ఆ పులిహోరయే నీకు గురూపదేశము. వచ్చే పండుగకు పది దినములు ముందుగానే నిర్వాహకుల వద్దకు పోయి ఆ విస్తళ్లను లెక్కలో చేర్చుమని వినయముగా అడుగుము. వారంగీకరింపనిచో కలహమాడకుము. ఆనాడు మొదటి పంక్తిలో కూర్చుండకుము. వడ్డనకు నిలువుము. అందరును లేచిన పిదప ఆ తల్లిని పిలిచి, ఆమె ప్రక్కన విస్తరి వేసికొని, పొట్లము కట్టింపక ఆమెతో కలిసి భుజింపుము. ఆ మరుసటి పండుగకు నీ సరసన మరియొకడు కూర్చుండును.”

అతడు చాలసేపు మౌనముగా నుండి, “అయ్యా, ఆమె పేరు కూడ నాకు తెలియదు” అనెను.

“అయితే రేపు ఉదయము ముందుగా ఆ పేరడుగుము, పండుగ అక్కడనే మొదలగును” అంటిని.

పంక్తిలో కడపటి విస్తరి పడువరకు మొదటి విస్తరిలోనిది ప్రసాదము కాదని మనమందరమును గ్రహింతుము గాక!

శరణు శరణార్థి.