నలిగిన మనస్సును గూర్చి ఒక మాట

మాకు తెలిసిన సహోదరి యొకతె కలదు. తెల్లవారక మునుపే పాలు పిండి కేంద్రమునకు పోయునది. ఆదివారము గుడి ఊడ్చి చాపలు పరచునది ఆమెయే. పాస్టరుగారికి వడ్డించిన సంగటి కొంచెము ఉండకట్టినను ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టదు. ఒక దినమున ఆమె మంచము దిగలేదు. నెల గడచినను ఆరాధనకు రాలేదు. కొందరు దిష్టి యనిరి. మన పెద్దలు విశ్వాసము తగ్గినదనిరి. ఆమె ఈ రెండవ మాటనే నమ్మెను.

"తప్పు చేసితిని" అనుట ఒకటి, "నేనే తప్పు" అనుట మరియొకటి. మొదటిది ఒప్పుకొని విడుదల పొందవచ్చును. రెండవది ఒప్పుకొన్న కొలది ఊబివలె లోనికి లాగును. ఏ లోపమును ఉండరాదను పట్టుదల భక్తివలె కనబడును గనుక దానిని మనము మెచ్చుకొందుము కూడ. ఇతరులకు కృపను బోధించు మనము మన మట్టుకు వడ్డీతో లెక్క తీయుదుము.

మాటలతో చేయు మానసిక చికిత్స ఈ లెక్కను విప్పి చూచును. చికిత్సకుడు పొగడడు, గద్దింపడు. "సంగటి చూచి ఆయన నిన్ను తృణీకరించెనా? ఏ మాటవలన నీకు తెలిసెను?" అని అడుగును. క్రుంగిన మనస్సు తనపై చెప్పుకొను తీర్పునకు ఇట్లు సాక్ష్యమడుగు పద్ధతిని 1960 దశకములో అమెరికాలో ఆరన్ బెక్ అను వైద్యుడు రూపించెను. తరువాత చిన్న పని యొకటి ఇత్తురు: ఈ వారము ఒక చాప వంకరగా పరచి ఏమగునో చూచి రమ్ము! మనకు నవ్వు వచ్చును గాని ఆమెకది కొండ ఎక్కుటయే. దాచిన సిగ్గు పెరుగును. విన్నవారు ముఖము త్రిప్పుకొనలేదని చూచినప్పుడు దాని బలము తగ్గును. గోవాలో శిక్షణ పొందిన సామాన్యులే ఆరు మొదలు ఎనిమిది మారులు కూర్చుండి మాటలాడగా, క్రుంగినవారికి మేలు కలిగెనని 2017 లో ప్రకటింపబడినది. కొందరికి మందులును కావలెను.

ఇది అవిశ్వాసమా? మదనపల్లె ఆరోగ్యవరమును తలంచుడి. క్షయను ఇంటిలో దాచుకొను దినములలో, 1912 లో, మిషనులు కలిసి స్థాపించిన ఆస్పత్రి అది. అచ్చటికి పోవుట అవిశ్వాసము కానియెడల, రాయవేలూరు క్రైస్తవ వైద్యకళాశాలవారు 1957 లో బాగాయములో ఆరంభించిన మానసిక వైద్యశాలకు పోవుట ఎట్లగును? అచ్చట రోగితో ఇంటివారును ఉందురు. అంత దూరము పోలేనివారు 14416 కు ఫోను చేయవచ్చును. ప్రభుత్వము 2022 నుండి నడుపుచున్న టెలీ మానస్ అది. తెలుగులో మాటలాడుదురు, వెల లేదు. చావు తలంపు చెప్పినవారిని మాత్రము ఒంటరిగా విడువకుడి.

బదరీ వృక్షము క్రింద మరణము కోరిన ఏలీయాకు దూత మొదట ప్రసంగము చేయలేదు. నిద్రపోనిచ్చి, లేపి, తిననిచ్చెను. మేమో, ఆ సహోదరి యింటికి పోయి, వాక్యము చదివి, ప్రార్థించితిమి. ఆమె కొంగు నలుపుచు ఏదో చెప్పబోయెను. బస్సు వేళాయెనని మేము లేచితిమి.