రాత్రి నౌకాయానమును లోకాచారమును

“అందరును చేయుచున్నారు గనుక మేమును చేసితిమి” అను మాట దోషమును తొలగించునా? న్యాయవాదవృత్తియందున్న మాకు ఈ మాట నిత్యము వినబడుచుండును. ముత్యంపేటకు సముద్రము బహుదూరము. ఈ సీమవారికి పెద్ద యేరన్న ధర్మపురికడ గోదావరియే. అయినను ఈ ప్రశ్నకు నడిసముద్రమున, రాత్రివేళ, లభించిన యుత్తర మొకటి గలదు. దానిని విచారింతము.

1912వ సంవత్సరము ఏప్రిల్ 14వ తేదీ రాత్రి టైటానిక్ అను పొగయోడ అట్లాంటిక్ మహాసముద్రమున గంటకు రమారమి 22 నావికమైళ్ల వేగముతో పోవుచుండెను. ముందు మంచుగడ్డలు గలవని తీగలేని తంతివార్తలు ఆ దినముననే వచ్చియుండెను. ఆకాశమున చంద్రుడు లేడు. సముద్రము నిశ్చలముగా నుండుటచే మంచుకొండ మొదట అలలు విరిగి తెల్లనగుటయు లేదు. కావలివారు చూచునప్పటికి తప్పించుకొనుటకు వ్యవధి చాలకపోయెను. 1,500 మందికి పైగా మరణించిరి.

లండనులో జరిగిన విచారణకు అధ్యక్షుడగు మెర్సీ ప్రభువు, ఈ నాశమునకు అతివేగమే కారణమని నిర్ణయించెను. అయినను, ఆకాశము నిర్మలముగా నున్నంతవరకు మంచుప్రాంతమునందును వేగము తగ్గింపకుండుట బహుకాలపు నావికాచారమగుటచే, కప్తాను చేసినది పొరపాటే గాని ఉపేక్ష కాదనెను. అంతతో నిలువక, ఇకమీద నెవ్వరైన నట్లు చేసినచో నది నిస్సందేహముగా ఉపేక్షయే యగునని హెచ్చరించెను. త్రోవలో మంచు గలదని తెలిసినచో రాత్రివేళ వేగము తగ్గింపవలెను, లేదా త్రోవ మార్చుకొనవలెను అను నియమము 1914 నాటి సముద్రప్రాణరక్షణపు ఒడంబడికలో చేర్పబడెను. తెలియనినాడు కాపాడిన ఆచారము తెలిసిననాడు కాపాడదు.

అట్లైన రాత్రిప్రయాణమే మానరాదా యని కొందరడుగుదురు. మానరాదు. సముద్రయానము దోషమను ఆచారమును లెక్కింపక రాజా రామమోహనరాయలు 1830 నవంబరులో కలకత్తా విడిచి, ఎన్నియో రాత్రులు నీటిపై గడపి, 1831 ఏప్రిలులో లివర్పూలు చేరిరి. భయముచేత కదలకుండుటయు, గర్వముచేత పరుగెత్తుటయు, రెండును బుద్ధిని ఆచారమునకు దాసిగా జేయుటయే.

రాత్రి నడచు ఓడయందు చుక్కానిగదిని చీకటిగా నుంచుదురు. తన దీపమే తన చూపును చెరచునని నావికు లెరుగుదురు. కుడిప్రక్క పచ్చదీపమును, ఎడమప్రక్క ఎర్రదీపమును వెలిగించునది పరులు తన్ను గుర్తించుటకు. చదువుకొన్న మనమో, మన విద్యాదీపపు కాంతిలో మనలను మనమే చూచుకొని సంతసించుచున్నాము.

వరకట్నము 1961లోనే శాసనముచే నిషేధింపబడెను. దానివలన మ్రగ్గిన యాడుబిడ్డల గాథలు మనము వినని దినము లేదు. అయినను కట్నపు మాటలు జరుగు చావడిలో మౌనముగా కూర్చుండి తాంబూలము పుచ్చుకొనివచ్చినవారము మేమును గలము. మా తాతలు చేసినది పొరపాటు కావచ్చును. మేము చేసినది ఉపేక్ష. ఈ భేదమును న్యాయస్థానము మరచినను మనస్సాక్షి మరువదు.

ఆచారమను నావలో నిద్రించువారిని మేల్కొలుపు ఆ పరంజ్యోతి, ముందున్న ప్రమాదమును చూచుటకు మనకు కన్నులను, తెలిసిన తక్షణమే త్రోవ మార్చుకొనుటకు ధైర్యమును ప్రసాదించుగాక.