కారణం రాసివ్వండి

ఒక సయ్యద్ కుటుంబాన్ని అనుకోండి. ముగ్గురు అన్నదమ్ములు. పెద్దవాడు కుప్పంలో ఉన్నాడు. నడిపివాడు బతుకుతెరువు కోసం వాణియంబాడి పోయి తోళ్ల పనిలో కుదిరాడు. చిన్నవాడు కోలారులో మెకానిక్. ముగ్గురిదీ ఒకే రక్తం, ఒకే దక్కనీ ఉర్దూ, ఒకే పేదరికం. మా ప్రాంతంలో ఇది కథ కాదు, ఇంటింటి సంగతి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం సాయిబుల చుట్టరికాలకు రాష్ట్ర సరిహద్దులు అడ్డం కాలేదు.

ఈ ముగ్గురి పిల్లలూ కాలేజీలో సీటుకు వెళ్లారనుకోండి. వాణియంబాడి పిల్లవాడు వెనుకబడిన తరగతి. 2007 నుంచి తమిళనాడులో ముస్లింలకు విడిగా ఇచ్చిన మూడున్నర శాతం జాబితాలో దక్కనీ ముస్లిం, దూదేకుల, లబ్బై, షేక్‌లతో పాటు సయ్యద్ కూడా ఉంది. కోలారు పిల్లవాడూ వెనుకబడినవాడే. కర్ణాటకలో 1990ల నుంచి ముస్లింలను మొత్తంగా 2బి అనే వర్గంలో పెట్టి 4 శాతం ఇచ్చారు. 2023 మార్చిలో, ఎన్నికల ముంగిట, దాన్ని రద్దు చేశారు. సుప్రీంకోర్టు గట్టిగా అడిగేసరికి ఆ రద్దును అప్పటికి అమలు చేయబోమని ప్రభుత్వమే చెప్పుకుంది. ఇక కుప్పం పిల్లవాడు? వెనుకబడినవాడు కాదు. మన 2007 చట్టం సయ్యద్, పఠాన్, మొగల్, ఇరానీ, అరబ్ లాంటి వాళ్లను పేర్లు పెట్టి మరీ బయట ఉంచింది.

ఏ రాష్ట్రం పరిస్థితి ఆ రాష్ట్రానిది, జాబితాలు వేరువేరుగానే ఉంటాయి అంటుంది చట్టం. ఒప్పుకుందాం. కానీ కుప్పంలో ఉన్న ఆ తండ్రి అడిగే ప్రశ్న జాబితా గురించి కాదు. 'నేనెవరో, ఏ పాటివాణ్ణో సర్కారు తేల్చి చెబుతోంది సరే, ఎట్లా తేల్చిందో నాకు చెప్పాల్సిన బాధ్యత దానికి ఉందా లేదా?' ఇది లా పుస్తకాల ప్రశ్న కంటే ముందు నీతికి సంబంధించిన ప్రశ్న.

మన రాష్ట్రంలో ఈ ప్రశ్న కోర్టులో ఎట్లా నలిగిందో ఒకసారి గుర్తు చేసుకుందాం. 2004 జులైలో ప్రభుత్వం ఒక్క జీవోతో ముస్లింలందరికీ 5 శాతం ఇచ్చింది. మన వీధుల్లో మిఠాయిలు పంచుకున్నారు. సెప్టెంబరులో హైకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం కొట్టేసింది. 'చూశారా, మనకిచ్చింది నిలవనివ్వరు' అన్నారు మనవాళ్లు. కానీ ఆ తీర్పు చెప్పింది అది కాదు. ముస్లింలను వెనుకబడిన తరగతిగా గుర్తించడానికి రాజ్యాంగంలో అడ్డేమీ లేదనే చెప్పింది. బీసీ కమిషన్‌ను అడగకుండా మైనారిటీ సంక్షేమ కమిషనర్ నివేదికతో సరిపెట్టడాన్ని, సంపన్న శ్రేణిని తీసేయకపోవడాన్ని తప్పుపట్టింది. 2005లో కమిషన్‌ను అడిగి చట్టం చేస్తే, అందరినీ ఒకే గాటన కట్టారని, మొత్తం 50 శాతం దాటిపోయిందని మళ్లీ కొట్టేశారు. లెక్క మీకు తెలిసిందే. బీసీలకు 25, ఎస్సీలకు 15, ఎస్టీలకు 6. అయిదు కలిపితే 51.

అప్పుడు పి.ఎస్. కృష్ణన్ వచ్చి ఒక పని చేశారు. ముస్లిం అనే ముద్దను విడదీశారు. అత్తరు సాయిబులు, అచ్చుకట్లవాండ్లు, ధోబీలు, హజ్జాములు, ఫకీర్లు, గారడీవాళ్లు, గుడ్డి ఎలుగువాళ్లు, ఖురేషీలు, లబ్బీలు, షేకులు... ఇట్లా 14 సమూహాలు, వాటితో పాటు మినహాయించిన వాళ్లు పోగా మిగిలిన ఇతరులు. దాంతో బీసీ-ఇ, 4 శాతం. దాన్నీ 2010 ఫిబ్రవరిలో ఏడుగురు జడ్జీల ధర్మాసనం ఐదుగురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపుగా చీలి కొట్టేసింది. సర్వే సరిగా లేదన్నారు. అది వాదించుకోదగ్గ మాటే. కానీ మతం ఆధారంగా ఉంది, మతమార్పిళ్లను ప్రోత్సహించవచ్చు అని కూడా అన్నారు. నాలుగు శాతంలో వాటా కోసం, అదీ గారడీ సాయిబుగా పుట్టి ఉంటే తప్ప దొరకని వాటా కోసం, మతం మారేవాడెవడైనా ఉంటే తీసుకురండి, చాయ్ నేను తాగిస్తాను. మార్చిలో సుప్రీంకోర్టు ఆ 14 సమూహాలకు కొనసాగించమని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి, అసలు కేసును రాజ్యాంగ ధర్మాసనానికి పంపింది. ఆ తాత్కాలికం మీదే ఎన్నో బ్యాచ్‌ల పిల్లలు చదువు ముగించుకున్నారు.

2004 తీర్పు మీద మనవాళ్లకున్న కోపం నాకు లేదు. ఎందుకంటే ఆ తీర్పు సర్కారును అడిగింది ఏమిటి? 'ఏ ఆధారంతో ఈ నిర్ణయం చేశావు, చూపించు' అని. మనం రోజూ ఆఫీసుల్లో అడగలేక మింగుకునే మాట అదే కదా!

విలేకరిగా తిరిగినన్నాళ్లూ చూసినవి చెబుతున్నా, ఊరు పేరు అనవసరం. ఖురేషీ తండ్రి కొడుక్కి బీసీ-ఇ సర్టిఫికెట్ కోసం పోతాడు. పేరు చివర ఖాన్ అని ఉంది. 'ఖాన్ అంటే పఠాన్, నీకు రాదు' అంటారు. మన పేర్లు మన కులం చెప్పవని కౌంటరు వెనక కూర్చున్నవాడికి ఎవరు చెప్పాలి? తాత పేరు నచ్చి పెట్టుకున్న ఖాన్ అది. కాగితం మీద మాత్రం ఏమీ రాయరు. దరఖాస్తు చేతికిచ్చి పంపేస్తారు. 1993 నాటి కుల ధ్రువపత్రాల చట్టం ప్రకారం రుజువు భారం అడిగేవాడిదే, నిజం. కానీ కాదన్న ఉత్తర్వు మీద పైకి పోయే దారి కూడా ఆ చట్టంలోనే ఉంది. ఉత్తర్వే లేకపోతే దేని మీద పోవాలి?

'ఆ ఆఫీసులో హిందువుల దరఖాస్తులూ అట్లాగే తిప్పి పంపుతారండీ, మీరు ప్రతిదానికీ మతం అంటారు' అంటాడు నా హిందూ మిత్రుడొకడు. అతని మాటలో నిజముంది. ఆ గుమాస్తాది సోమరితనమే కావచ్చు, తెలియనితనమే కావచ్చు. కానీ కారణం రాయని తిరస్కారం చేసే అసలు హాని ఇక్కడే ఉంది. తిప్పి పంపబడిన రెడ్డిగారబ్బాయి 'వీడు సోమరి' అనుకుని ఇంటికి పోతాడు. ఖాన్ అనే పేరున్నవాడు 'నా పేరు చూసా?' అనుకుంటూ పోతాడు. అవునో కాదో వాడికి ఎప్పటికీ తెలియదు. వివక్ష జరిగిందని రుజువు చేయలేడు, జరగలేదని నమ్మలేడు. జీవితమంతా ఆ అనుమానం మోయడమే మా మైనారిటీతనం. రెండు ముక్కలు కారణం రాసిస్తే వాడి కోపానికి ఒక చిరునామా దొరుకుతుంది. తప్పు కారణమైనా సరే, దానితో పోట్లాడొచ్చు.

ఉత్తర్వు బాగోగులు అందులో రాసిన కారణాలను బట్టే చూడాలని, కోర్టుకొచ్చాక కొత్త కారణాలు అతికిస్తే కుదరదని 1977లోనే సుప్రీంకోర్టు మొహిందర్ సింగ్ గిల్ కేసులో చెప్పింది. ఇష్టారాజ్యం, సమానత్వం ఒక ఒరలో ఇమడవని 1973లో రోయప్ప కేసులో చెప్పింది. 14వ అధికరణం అంటే మా కుప్పం సయ్యద్‌కూ, ఈ ఖురేషీకీ అర్థమయ్యే భాషలో ఇంతే. వజా ఏమిటో రాసివ్వు.

అయితే ఈ కొలత అందరికీ ఒక్కటిగా ఉందా? 2019 జనవరిలో ఆర్థికంగా వెనుకబడిన అగ్రవర్ణాలకు 10 శాతం ఇచ్చారు. 8న లోక్‌సభ, 9న రాజ్యసభ. ఏ బీసీ కమిషన్లూ ఊరూరా తిరగలేదు. 2022లో రాజ్యాంగ ధర్మాసనం ముందుకు ఆ కేసూ, మా కేసూ కలిసే వచ్చాయి. ముందు దాన్ని విన్నారు, నవంబరులో ముగ్గురు ఇద్దరుగా సమర్థించారు. 50 శాతం గీత దానికి అడ్డం రాలేదు. అది రాజ్యాంగ సవరణ, మాది మామూలు చట్టం, తేడా ఉంది, తెలుసు. కానీ ఒకరిని ముప్పై ఇళ్లు తిరిగి లెక్క తెమ్మని, ఇంకొకరిని రెండు రోజుల్లో లోపలికి రమ్మంటే, ఆ తేడాకు కారణం అడిగే హక్కు మాకుంటుంది. ఆ పది శాతంలో మా సయ్యదులూ పఠాన్లూ కూడా దరఖాస్తు పెట్టుకుంటున్నారు, పెట్టుకోనీ.

మనల్ని మనం అడుక్కోవాల్సింది కూడా ఒకటుంది. కృష్ణన్ జాబితా వచ్చినప్పుడు మన పెద్దలు కొందరు నొచ్చుకున్నారు. ఇస్లాంలో కులమెక్కడిది, మనల్ని చీలుస్తున్నారు అన్నారు. మసీదులో ఒకే వరుసలో నిలబడతాం, నిజమే. దూదేకుల వాళ్ల ఇంటికి పిల్లనివ్వమంటే మాత్రం మన షేకులూ సయ్యదులూ మాట మార్చేస్తారు. 'ఎందుకు ఇవ్వరు?' అని అడిగి చూశాను. ఎవరూ కారణం చెప్పలేదు.