పాట – పాత్ర: ఒక చిన్న నిర్ణయంలోని ధర్మవిచారం

చేతిలో ఇమిడే పాటల యంత్రం ఒకటి పాతబడింది. దానిని బాగుచేయించి వాడుకోవాలా, విడిచిపెట్టి కొత్తది కొనుక్కోవాలా? ఈ ప్రశ్నను ధర్మశాస్త్ర పరిధిలోకి తీసుకురావడం కొందరికి అతిగా తోచవచ్చు. రాజ్యాల ఉత్థాన పతనాలను, కరువులను, వలసలను చదివి వచ్చిన చరిత్ర విద్యార్థికి ఇది మరీ అల్పమైన విషయం. కాని మనిషి జీవితంలో మహా నిర్ణయాలు అరుదు. ఇటువంటి చిన్న నిర్ణయాలే ప్రతిదినం ఎదురవుతాయి. మన అలవాట్లు, వాటిననుసరించి మన శీలం రూపొందేది ఎక్కువగా వీటివల్లనే.

సూరత్ నగరానికి ఉత్తరాన, తాపీ నది ఆవలి గట్టున కోసాడ్ ఉన్నది. ఒకప్పుడు పల్లె, నేడు నగరపాలక సంస్థ పరిధిలోని విశాలమైన గృహ సముదాయాల ప్రాంతం. నదీతీరపు మురికివాడల నుండి తరలివచ్చిన ఎన్నో కుటుంబాలు ఇక్కడి ఆవాసాలలో స్థిరపడ్డాయి. కోసాడ్ స్టేషనులో బండి ఎక్కితే ఉత్రాణ్ దాటి, వంతెన మీదుగా తాపీని దాటి సూరత్ చేరుతుంది. ఆ కొద్దిపాటి ప్రయాణంలో సంగీతం వినడం నా అలవాటు. 2009లో కొన్న నాలుగు జీబీల చిన్న యంత్రం అది. గడచిన ఏడాది దాని బ్యాటరీ ఉబ్బింది. తాపీ వంతెన చేరకముందే పాట ఆగిపోయేది. బ్యాటరీ లోపల అతికించి ఉండడంవల్ల మార్చడం కష్టమనీ, కొత్తది కొనడమే తేలికనీ దుకాణదారు సెలవిచ్చాడు. నా సందేహం అక్కడ మొదలైంది.

మొదట చరిత్ర వైపు చూద్దాం. పాట శాశ్వతం, దానిని మోసే పాత్ర అశాశ్వతం అన్నది మన పూర్వులు ఎరిగిన సత్యమే. తాటాకును పురుగు తింటుంది, తేమ తింటుంది. కనుక కొన్ని తరాలకొకసారి గ్రంథాన్ని కొత్త ఆకులమీదకు ఎక్కించడం విద్వత్కుటుంబాల విధి. అట్లా ఎత్తి వ్రాయని గ్రంథం ఆకుతోపాటే నశించింది. పందొమ్మిదవ శతాబ్దిలో సి.పి. బ్రౌన్ కడపలో పండితులను, లేఖకులను తన సొంత ఖర్చుతో నియమించి తెలుగు కావ్యాలకు ప్రతులు వ్రాయించాడు. తాటాకు పట్ల మమకారంతో ఆయన ఆ పని మాని ఉంటే నేడు మనకు దక్కకుండా పోయిన కావ్యాలు ఎన్ని ఉండేవో ఊహించవచ్చు. పాత్రను మార్చడం ఇక్కడ విలాసం కాదు, ధర్మం.

దీనికి ప్రతిగా మరొక ఉదాహరణ ఉన్నది. తాళ్ళపాక అన్నమాచార్యుల సంకీర్తనలను ఆయన వంశీయులు రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలోని భాండాగారంలో భద్రపరిచారు. అంతకంటె గట్టి పాత్ర ఆనాడు లేదు. రేకులు చెక్కుచెదరలేదు. కాని పాడే సంప్రదాయం సన్నగిల్లడంతో ఆ వేల కీర్తనలు కొన్ని శతాబ్దాలపాటు లోకానికి వినబడలేదు. ఇరవయ్యవ శతాబ్దిలో రేకులు వెలుగుచూసి, పండితులు వాటిని పరిష్కరించి, గాయకులు కొత్తగా స్వరపరచిన తరువాతనే ఆ సాహిత్యం మరల పాట అయింది. పాత్ర ఎంత దృఢమైనదైనా పాడే గొంతు, వినే చెవి లేనిదే పాట మిగలదని దీనివల్ల తెలుస్తున్నది. కనుక పాతది గట్టిదన్న ఒక్క కారణం దానిని నిలుపుకోవడానికి చాలదు. కొత్తది వచ్చిందన్న ఒక్క కారణం పాతదాన్ని విడవడానికీ చాలదు.

ఇక రెండవ చిక్కు, కోరికకు సంబంధించినది. భారతంలో యయాతి కథ అందరికీ తెలిసినదే. శుక్రుని శాపంవల్ల అకాల వార్ధక్యం పొందిన యయాతి తన ముసలితనాన్ని కొడుకులలో ఎవరైనా తీసుకొని యౌవనం ఇమ్మని వేడాడు. యదువు మొదలైన నలుగురు నిరాకరించగా పూరుడు అంగీకరించాడు. వేయి సంవత్సరాలు భోగాలనుభవించిన పిమ్మట, అనుభవించడంవల్ల కోరిక చల్లారదని గ్రహించి యయాతి కొడుకు యౌవనాన్ని తిరిగి ఇచ్చాడు. ఈ కథను కోరికల అనంతత్వానికి నిదర్శనంగా చెప్పడం పరిపాటి. కాని అందులో అంతకన్న లోతైన అంశం ఒకటి ఉన్నది. యయాతి కొత్త యౌవనాన్ని పొందాడు సరే. అతడి ముసలితనం మాయం కాలేదు. దానిని వేరొకరు మోశారు.

మన వస్తువుల ముసలితనాన్ని నేడు ఎవరు మోస్తున్నారు? 2022లో ప్రపంచవ్యాప్తంగా 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగుపడినట్లు ఐక్యరాజ్యసమితి సంస్థల భాగస్వామ్యంతో 2024లో వెలువడిన నివేదిక తెలిపింది. అందులో సక్రమ పద్ధతిలో సేకరించి, తిరిగి వినియోగంలోకి తెచ్చినట్లు నమోదైనది 22.3 శాతం మాత్రమే. తక్కినదానిలో కొంత చెత్తకుప్పలకు చేరుతుంది. కొంత ఢిల్లీలోని సీలంపూర్ వంటి వాడలలో వట్టి చేతులతో విడదీయబడుతుంది. మొరాదాబాద్ వంటి చోట్ల సర్క్యూట్ బోర్డులను కాల్చి, ఆమ్లాలలో కడిగి లోహాలను రాబట్టారు. ఆ పొగ పీల్చినవారెవరూ పూరునివలె కోరి ఆ వార్ధక్యాన్ని స్వీకరించలేదు. వారినెవరూ అడగనేలేదు.

ఈ సందర్భంలో బౌద్ధ వినయపిటకంలోని ఒక ఘట్టం స్మరణీయం. కౌశాంబి రాజు ఉదయనుని అంతఃపుర స్త్రీలు ఆనందునికి 500 వస్త్రాలు సమర్పించారు. సన్యాసికి ఇన్ని బట్టలెందుకని రాజు నిలదీశాడు. చీవరాలు చిరిగిన భిక్షువులకు పంచుతామని ఆనందుడన్నాడు. మరి చిరిగినవాటిని ఏం చేస్తారు? పక్క దుప్పట్లుగా వాడతాం. ఆ దుప్పట్లు చిరిగితే? పరుపులకు తొడుగులవుతాయి. పిమ్మట క్రింద పరుచుకునేవి, కాళ్ళు తుడుచుకునేవి, దుమ్ము దులిపేవి; చివరకు ముక్కలు చేసి మట్టిలో కలిపి నేల అలుకుతాం. రాజు సంతుష్టుడై మరి 500 వస్త్రాలు ఇచ్చాడట. గమనించవలసినది, ఆనందుడు కొత్త వస్త్రాన్ని నిరాకరించలేదు. పాత వస్త్రం చివరిదాకా ఎక్కడికి పోతుందో మాత్రం చెప్పగలిగాడు. వస్త్రనగరమైన సూరత్‌లో నివసిస్తూ ఈ కథను మరచిపోవడం కష్టం.

కొత్తదనపు ఆకర్షణను యంత్రాల చరిత్ర కూడా వివరిస్తుంది. 1979 జూలై 1న సోనీ సంస్థ జపాన్‌లో మొదటి వాక్‌మన్‌ను విడుదల చేసినప్పుడు అందులో చెవి తీగలకు రెండు రంధ్రాలుండేవి. ఒకరే పాట వింటూ పక్కనున్నవారిని పట్టించుకోకపోవడం మర్యాద కాదని సంస్థ పెద్దలు భావించారు. తరువాతి నమూనాలలో ఆ రెండవ రంధ్రం పోయింది. 2001 అక్టోబరులో ఐపాడ్ వేయి పాటలను జేబులోకి తెచ్చింది. 2022 మే నెలలో దాని శకమూ ముగిసింది. ఇప్పుడు పాటలు మన పెట్టెలో ఉండడం లేదు; నెలనెలా రుసుము చెల్లించినంతకాలం ఎక్కడినుండో ప్రవహిస్తున్నాయి. ప్రతి మెట్టులోనూ ఒకటి లభించింది, ఒకటి జారిపోయింది. లభించినదానికి ప్రకటన ఉంటుంది, జారిపోయినదానికి ఉండదు. విచక్షణ అవసరమయ్యేది ఇక్కడే.

ఇంతవరకు నా ఆలోచన సాఫీగానే సాగింది. ఉన్నదానితో తృప్తి చెందడమే ఉత్తమమని దాదాపు తేల్చుకున్నాను. అప్పుడే పొరుగున ఉండే నేత కార్మికుడొకరు నన్నొక ప్రశ్న అడిగాడు. కరీంనగర్ ప్రాంతం నుండి వచ్చిన పద్మశాలి ఆయన. సూరత్‌లో లింబాయత్, ఉధ్నా ప్రాంతాలు తెలుగువారికి పేరుపొందినవి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలను నడిపేటంతటి జనసంఖ్య మనవారిది. ఆయన చేతిలో మీటలున్న పాత సెల్‌ఫోను ఉన్నది. తెర చీలింది; మాటకన్నా పాటకే దాని వినియోగం ఎక్కువ. “సార్, కొత్తది కొనుమంటరా, ఇదే నడిపియ్యమంటరా?” అని అడిగాడు.

“ఉన్నది నడుస్తున్నది గదా, తొందరేముంది?” అన్నాను.

ఆయన నవ్వి, “మీది రైల్ల కూసుంటె నడుస్తది సార్. నాది సాంచాల నడుమ నడవాలె” అన్నాడు.

మరమగ్గాలను తెలంగాణ నేతన్నలు సాంచాలంటారు. పన్నెండు గంటల పాళీలో ఆ చప్పుడు మధ్య పాట వినబడాలంటే శబ్దం పూర్తిగా పెంచవలసిందే. నేను సంతృప్తిని సుగుణంగా ఆయనకు బోధించాను. ఆయన దానిని ఏనాటినుండో నిర్బంధంగా అనుభవిస్తున్నాడు. కొనగల శక్తి ఉన్నవాడు కొనకపోవడం నిగ్రహం. కొనలేనివాడు కొనకపోవడం లేమి. రెండింటినీ ఒకే పేరుతో పిలిచి, లేమికి నిగ్రహమనే గౌరవం కట్టబెట్టడం సులభమైన అన్యాయం. ఆఫీసు బల్ల వెనుక కూర్చునేవారు తెలియకుండానే చేసే అన్యాయం కూడా.

యంత్రాల పట్ల గాంధీజీ వైఖరి ఇక్కడ దారి చూపుతుంది. 1909లో ‘హింద్ స్వరాజ్’లో యంత్ర నాగరికతను తీవ్రంగా ఖండించిన ఆయనే 1924లో సింగర్ కుట్టుమిషనుకు మినహాయింపు ఇచ్చారు. ఒక భర్త తన భార్య పడే శ్రమను చూడలేక, ప్రేమతో కనిపెట్టిన యంత్రమది అని ఆయన భావన. యంత్రం పాతదా కొత్తదా అన్నది ఆయన గీటురాయి కాదు. అది ఎవరి భారాన్ని తగ్గిస్తున్నది అన్నదే గీటురాయి.

ఆ గీటురాయి మీద నా పొరుగువాని ప్రశ్నను మరల పెట్టి చూశాను. సురక్షితంగా వినడానికి వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్ అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు. 90 డెసిబెల్స్ అయితే అది వారానికి 4 గంటలకు కుదించుకుపోతుంది. 1948 నాటి కర్మాగారాల చట్టం కింద వచ్చిన నియమాలు 8 గంటల పనికి 90 డెసిబెల్స్ గరిష్ఠంగా నిర్ణయించాయి గాని, కార్మికుల సంఖ్య తక్కువగా ఉన్న చిన్న షెడ్లు ఆ చట్టం పరిధిలోకి రాలేదు. మగ్గాల హోరుమీద పాటను గెలిపించే యంత్రం ఏదైనా చెవిని ఓడిస్తుంది. కనుక ఆయనకు మొదట కావలసినది చప్పుడును అడ్డగించే చెవి కవచం. అది యజమాని బాధ్యత, పాలనాయంత్రాంగం బాధ్యత. ఆ తరువాతనే, ఇంటివద్ద తక్కువ శబ్దంలో స్పష్టంగా వినిపించే సాధనం. ఈ రెండవదానికి ఆయన పూర్తిగా అర్హుడు. కొనవలసిందేనని చెప్పాను.

అయితే దుకాణంలో పాత ఫోను ఇచ్చివేస్తే కొత్తదాని ధరలో కొంత తగ్గిస్తారట. ఆ పాత ఫోనులో ఏమున్నదని అడిగాను. సినిమా పాటలతోపాటు ఊరిలో ఏనాడో జరిగిన మార్కండేయ పురాణం ఉన్నది. పద్మశాలీలకు ఆశ్రితులైన కూనపులివారు తరతరాలుగా ఆ కథ చెబుతూ వస్తున్నారు. ఆయన అన్నగారు ఒక రాత్రి కథను ఆ ఫోనులో పట్టుకున్నారు. చెప్పిన వృద్ధ కళాకారుడు ఇప్పుడు లేడు. ఆ గొంతుకు మరొక ప్రతి లేదు. ఏ సంగీత సంస్థ భాండాగారంలోనూ, ఏ నెలసరి రుసుము ప్రవాహంలోనూ అది లభించదు. తగ్గింపు ధర కోసం ఇచ్చివేయబోయినది పాత ఫోనును కాదు, ఒక రాగిరేకును.

ఆదివారం మా ఇంట ఆ కథను కంప్యూటరులోకి ఎక్కించాం. ఒక ప్రతి మెమరీ కార్డులో ఆయన వద్ద, ఒకటి ఊరిలో అన్నగారి వద్ద, ఒకటి నా వద్ద ఉన్నది. బ్రౌన్ దొర లేఖకులు చేసిన పనినే మేమూ చేశామని చెప్పుకోవడం ప్రగల్భం కావచ్చు. పని మాత్రం ఆ జాతిదే. ఆ మరునాడు ఆయన కొత్త సాధనం కొన్నాడు.

ఈ అనుభవం నుండి నాకు మూడు ప్రశ్నలు మిగిలాయి. పాత్ర మారినప్పుడు పాట భద్రంగా దాటుతున్నదా? కొత్తది నిజంగా ఒక భారాన్ని తగ్గిస్తున్నదా, లేక కోరికను మాత్రం పొడిగిస్తున్నదా? పాతదాని ముసలితనాన్ని ఎవరు మోస్తారు? మొదటి రెండు ప్రశ్నలకు మనిషి మనిషికీ సమాధానం మారుతుంది, మారవలసిందే. మూడవది అందరికీ ఒకటే. దానికి సమాధానం చెప్పడం కొనుగోలుదారు ఒక్కనివల్ల కాదు. 2022 నాటి ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాలు ఉత్పత్తిదారుల మీద ఆ బాధ్యతను ఉంచాయి. అవి 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చాయి. మరమ్మతు హక్కు విషయమై వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో ఒక సంఘాన్ని నియమించింది. సాధారణ వినియోగదారుడే బ్యాటరీని మార్చుకునేలా వస్తువులు ఉండాలని ఐరోపా సమాఖ్య 2023లో శాసించి, 2027 ఫిబ్రవరిని గడువుగా పెట్టింది. తెరవడానికి వీలులేకుండా అతికించడం యంత్ర స్వభావం కాదనీ, మనుషులు చేసిన నిర్ణయమనీ దీనివల్ల స్పష్టం.

నా విషయానికి వస్తే, కొత్తది కొనడానికి నావద్ద కారణం లేకపోయింది. గడియారాలు, రేడియోలు బాగుచేసే ఒక వృద్ధుడు ఓపికగా జిగురు వేడిచేసి, మూత తెరచి, అదే కొలతగల కొత్త బ్యాటరీని అతికాడు. ఇప్పుడు తాపీ వంతెన దాటినా పాట ఆగడం లేదు. ఉబ్బిన పాత బ్యాటరీని ఆయన చెత్తబుట్టలో వేయబోతుంటే అడిగి తీసుకున్నాను. తపాలా బిళ్ళకంటె కొంచెం పెద్దది. అధీకృత సేకరణ కేంద్రానికి చేర్చాలని ఒక రేకు డబ్బాలో ఇసుక పోసి ఉంచాను. ఇంకా చేర్చలేదు. ఈ వ్యాసం వ్రాస్తున్నప్పుడు కూడా అది గూటిలోనే ఉన్నది. అది చేరవలసిన చోటికి చేరేవరకు నా నిర్ణయం సగమే పూర్తయినట్లు.