ఈ వార్త ఎవరిది?

"మీతో ఎవరూ రాలేదామ్మా? మీవారుగానీ, అన్నయ్యగానీ?" స్కాన్ రిపోర్టు తిరగేస్తూ డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న ఇది. ముప్ఫయ్యారేళ్ల వయసు, సాహిత్యంలో డాక్టరేటు, సొంత జీతం. ఇవేవీ ఒక చెడువార్త వినడానికి నాకు అర్హత ఇవ్వలేదు. "నా ఒంటి సంగతి నాకే చెప్పండి" అన్నాను. అలా అన్నందుకు ఆ రోజంతా ఎంత గర్వపడ్డానో ఇప్పుడు తలచుకుంటే ఇబ్బందిగా ఉంటుంది.

గుండె నుంచి పైకి బయలుదేరే బృహద్ధమని నాకు 4.6 సెంటీమీటర్లకు ఉబ్బింది. ఎన్యూరిజం అంటారు. నొప్పి లేదు, ఆయాసం లేదు. వేరే దేనికో తీసిన స్కాన్‌లో బయటపడింది. గోడ చీలితే ప్రాణం మీదికొస్తుంది. చీలకుండా ఏళ్లతరబడి ఉండనూ వచ్చు. సాధారణంగా 5.5 దగ్గర ఆపరేషన్ అంటారు. బాగా పొట్టిగా ఉన్నవాళ్లకు ఎత్తు కూడా లెక్కలోకి తీసుకోమని 2022 నాటి అమెరికన్ మార్గదర్శకాలు చెప్పాయి. (ఈ కొలతను మొదట ఎవరి ఒంటికి సరిపోయేలా కత్తిరించారో అడగాలనిపించింది. అడగలేదు.) బీపీ అదుపులో ఉండాలి, బరువులు ఎత్తకూడదు, ఏటా స్కాన్ చేయించుకోవాలి. ప్రయాణాలు చేయొచ్చన్నారు.

ఇంట్లో చెప్పలేదు. చెబితే అమ్మ ఏడుస్తుంది, అన్నయ్య టికెట్లు రద్దు చేయిస్తాడు. ప్రేమతోనే. మన ఆడవాళ్ల ప్రయాణాలు కోపంతో ఆగినవాటికన్నా ప్రేమతో ఆగినవే ఎక్కువేమో. ఐన్‌స్టీన్‌కు కడుపులోని బృహద్ధమని ఉబ్బితే 1948లో ఆపరేషన్ చేశారు. 1955లో అది పగిలినప్పుడు మళ్లీ ఆపరేషన్ వద్దన్నాడు. దాన్ని లోకం విజ్ఞత అంది. అదే మాట మనం అంటే మొండితనం.

నాలుగు నెలల తర్వాత వేటపాలెం బయలుదేరాను. 1918లో మొదలైన అక్కడి సారస్వత నికేతనంలో పాత స్త్రీల పత్రికలు చూడాలి. నా పెట్టె నేనే మోసుకోవడం పదిహేనేళ్ల అలవాటు. ఈసారి సికింద్రాబాదులో కూలీని పిలిచాను. పెట్టెను బెర్తు కిందికి తొయ్యడానికి ఎదుటి సీటావిడ సాయం పట్టింది. "నడుం నొప్పా అమ్మా?" అంది. "అవునండీ" అన్నాను. రాత్రి నాకేమన్నా అయితే టీటీఈ కోసం పరుగెత్తాల్సింది ఆవిడే. జబ్బు పేరు, మందులు, ఒక ఫోన్ నంబరు రాసిన కాగితం నా పర్సులో ఉంది. ఆ నంబరు చెల్లిది.

నిద్ర పట్టనిది అక్కడే. డాక్టరుగారు చివర్లో ఇంకో మాట చెప్పారు. ఇది కుటుంబాల్లో ఉండొచ్చు, తోబుట్టువులు కూడా పరీక్ష చేయించుకోవాలి అని. అన్నయ్య సంగతి అటుంచితే, చెల్లి రెండేళ్లుగా పిల్లల కోసం మందులు వాడుతోంది. ధమని ఉబ్బి ఉంటే గర్భం, కాన్పు మరింత ప్రమాదం. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ, "తను తట్టుకోలేదు, పాపం" అనుకుంటూ నాలుగు నెలలు గడిపాను. నా గదిలో డాక్టరుగారి కుర్చీలో కూర్చున్నది నేనే. నా శరీరం నాది అన్న మాటను ఇప్పటికీ వదులుకోను. కానీ నా ఒంట్లో దొరికిన వార్తలో సగం నాది కాదు. దాన్ని దాచుకునే హక్కు నాకెక్కడిది?

తెల్లవారాక వేటపాలెంలో లైబ్రరీ మెట్ల మీద కూర్చుని ఫోన్ చేశాను. అంతా విని, "నీకెలా ఉందక్కా?" అని అడిగింది ముందు. తర్వాత, "ఎప్పుడు తెలిసింది?"

"నాలుగు నెలలైంది."

"నాలుగు నెలలా? ఈ నాలుగు నెలలూ నేను..." అని ఆగిపోయింది.

క్షమించమన్నాను. తను ఏమీ అనలేదు. మా అత్తగారికి మాత్రం తెలియకూడదు, అంది.

వచ్చే మంగళవారం ఎకో పరీక్షకు వెళ్తోంది. తోడు రానా అంటే వద్దంది.